వెన్, వైల్, యాజ్: మూడూ "అప్పుడు" అయితే ఏది ఎక్కడ రాయాలి?

సగంవాక్యం:

అందరికీ నమస్కారమండీ. నా ఇంగ్లీషు మరీ ఘోరమేమీ కాదు, మెయిల్స్ రాస్తాను, కాల్స్‌లో మాట్లాడతాను, పని నడిచిపోతుంది. కానీ వాక్యం మధ్యలో "అప్పుడు" అనాల్సి వచ్చిందంటే చాలు, చెయ్యి ఆగిపోతుంది. వెన్ రాయాలా, వైల్ రాయాలా, యాజ్ రాయాలా? ఏది పెట్టి చదివినా బాగానే ఉన్నట్టుంటుంది, పంపేశాక మాత్రం తప్పు రాశానేమో అని టెన్షన్.

ఉదాహరణకి చదువుకుంటుంటే లైట్లు పోయాయి అని చెప్పాలనుకోండి. "వెన్ ఐ వజ్ రీడింగ్, ద లైట్స్ వెంట్ ఆఫ్". ఇందులో వెన్ తీసేసి వైల్ పెట్టినా, యాజ్ పెట్టినా నాకు ఒకేలా వినిపిస్తోంది. మూడూ కరెక్టేనా? కరెక్టయితే మూడు మాటలు ఎందుకు మరి?

నా దగ్గరున్న గ్రామర్ పుస్తకం తెరిస్తే మూడింటికీ "ఎప్పుడైతే... అప్పుడు" అని ఒకటే అర్థం రాసి ఉంది. అసలు ఎప్పుడైతే అనే మాట మామూలు మనుషులెవరైనా మాట్లాడుకోగా నేనింతవరకు వినలేదు, అది వేరే సంగతి.

ఇంకో డౌట్ కూడా ఉంది, ఇది కాస్త పరువు పోయిన కేసు. మా టీమ్‌లో వేరే దేశం ఆవిడ ఒకరున్నారు. ఆవిడకి మెయిల్‌లో "ఐ విల్ నాట్ స్టార్ట్ అంటిల్ యూ డోంట్ కన్ఫర్మ్" అని రాశాను. మీరు ఓకే చెప్పేదాకా మొదలుపెట్టను అని నా ఉద్దేశం. ఆవిడేమో, "అయితే నన్ను కన్ఫర్మ్ చెయ్యొద్దంటున్నావా?" అని అడిగింది. వెక్కిరింపు కాదు, పాపం నిజంగానే అర్థం కాక అడిగింది. ఎక్కడ తప్పు చేశానో ఇప్పటికీ సరిగ్గా తెలీదు. రూల్ ఏదైనా ఉంటే చెప్పండి, బట్టీ పట్టేస్తాను.

పాత మాస్టారు:

బట్టీ అవసరం లేదు బాబూ. మీకు తెలిసిన తెలుగులోనే సగం జవాబు ఉంది. "అప్పుడు" అని ఒక్క మాట దగ్గర ఆగిపోయారు కాబట్టి అన్నీ ఒకలా కనిపిస్తున్నాయి. అసలు మనం మాట్లాడేటప్పుడు కాలాన్ని క్రియ తోకలో పెడతాం, ఎన్ని తోకలున్నాయో చూడండి: చదివినప్పుడు, చదువుతుండగా, చదివేకొద్దీ, చదవగానే, చదివాక, చదివేదాకా, చదివేసరికి, చదివేలోపు, చదివినంతసేపు, చదివినప్పుడల్లా. ఇంగ్లీషు వాళ్ళు ఇదే పని ముందు ఒక మాట తగిలించి చేస్తారు, అంతే తేడా. మీ వాక్యాన్ని మనసులో తెలుగులో అనుకుని ఏ తోక వచ్చిందో చూసుకోండి, చాలా చోట్ల దారి అదే చూపిస్తుంది.

ఇప్పుడు మీ లైట్ల వాక్యం. మూడూ కరెక్టే, కానీ కెమెరా ఎక్కడ పెట్టారన్నది మారుతుంది. వైల్ అంటే ఒక నిడివి. చదవడం ఇక్కడ మొదలై అక్కడిదాకా సాగుతోంది, ఆ పొడుగులో ఎక్కడో లైట్లు పోయాయి. వైల్ పుట్టుకలోనే ఆ పొడుగు ఉంది, పాత ఇంగ్లీషులో అది "కాసేపు, కొంత కాలం" అనే అర్థమున్న నామవాచకం, ఇప్పటికీ "ఫర్ ఎ వైల్" అంటున్నారు కదా, అదే. అందుకే పొడుగు లేని పనికి వైల్ పనికిరాదు. "వైల్ ఐ అరైవ్డ్" అని రాస్తే వినేవాడికి గుచ్చుకుంటుంది, చేరుకోవడం ఒక్క క్షణం పని, దాని లోపల ఇంకొకటి జరగడానికి చోటు లేదు. అక్కడ వెన్ రాయాలి.

వెన్ దాదాపు ఎక్కడైనా ఒదుగుతుంది. క్షణానికీ వాడొచ్చు, నిడివికీ వాడొచ్చు. ఏదీ తోచకపోతే వెన్ పెట్టేయండి, నూటికి తొంభైసార్లు ఎవరూ ఏమీ అనరు. ముఖ్యంగా జీవితంలో ఒక దశ గురించి చెప్పేటప్పుడు వెన్నే. "వెన్ ఐ వజ్ ఎ చైల్డ్" అంటారు, అక్కడ వైల్ పెడితే బాల్యం అనేది నేను చేస్తూ ఉన్న ఏదో పనిలా వినిపిస్తుంది.

యాజ్ మాత్రం సున్నితమైనది. రెండు పనులు పక్కపక్కనే కలిసి కదులుతుంటే యాజ్. మన "కొద్దీ" ఉంది చూశారా, "చీకటి పడేకొద్దీ చలి పెరిగింది", దీన్ని "యాజ్ ఇట్ గాట్ డార్కర్, ఇట్ గాట్ కోల్డర్" అనాలి. ఒకటి మారుతుంటే దాంతోపాటు రెండోది మారుతోంది. ఇక్కడ వైల్ పెడితే ఆ జోడీ విడిపోతుంది, చీకటి వేరు చలి వేరు అయిపోతాయి. ఇంకో వాడకం, కచ్చితంగా ఆ క్షణానే అని చెప్పాలంటే "జస్ట్ యాజ్": "జస్ట్ యాజ్ ఐ ఓపెన్డ్ ద డోర్, ద ఫోన్ ర్యాంగ్". తలుపు తీయడమూ ఫోన్ మోగడమూ ఒక్కసారే.

మీ అంటిల్ సంగతి ఇంకెవరైనా చెప్తారు, క్లాసుకి టైమైంది.

రాత్రి డ్యూటీ:

అంటిల్ కేసు నేను తీసుకుంటా, ఎందుకంటే అదే తప్పు నేను ఏళ్ళ తరబడి చేశాను, ఎవరూ చెప్పలేదు కూడా.

తప్పు ఎక్కడ పుడుతుందంటే, తెలుగులో ఒకే సంగతిని రెండు రకాలుగా అంటాం. "మీరు చెప్పేదాకా మొదలుపెట్టను", "మీరు చెప్పనంతవరకు మొదలుపెట్టను". రెండోదాంట్లో "చెప్పనంత" అని కాదనే మాట ఉంది. మీరు రెండో వాక్యాన్ని తలలో పెట్టుకుని, వరకు అంటే అంటిల్ కదా అని పెట్టేశారు, "చెప్పనంత"లో ఉన్న కాదు కూడా వెంటబెట్టుకుని వచ్చేసింది. అంటిల్ అంటే "చెప్పేదాకా" మాత్రమే. దాని తర్వాత వచ్చే పని ఒక గీత, ఆ గీత దాటితే పరిస్థితి మారుతుంది. కాబట్టి "ఐ విల్ నాట్ స్టార్ట్ అంటిల్ యూ కన్ఫర్మ్", అంతే. కాదు అనేది మొదటి ముక్కలో ఒక్కసారే. మీరు రాసినదాన్ని ఆవిడ ఎలా చదివిందంటే, కన్ఫర్మ్ చెయ్యకపోవడం అనే గీత దాటాక మొదలుపెడతాడట అని. పాపం ఆవిడ తప్పేం లేదు.

"చెప్పనంతవరకు"ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో అనాలంటే అంటిల్ పనికిరాదు, "యాజ్ లాంగ్ యాజ్ యూ డోంట్ కన్ఫర్మ్" అనాలి. గ్రామర్ ప్రకారం తప్పు లేదు కానీ బెదిరింపులా ఉంటుంది, మెయిల్‌లో వద్దు.

దీనికి అక్కచెల్లెళ్ళ లాంటిది బై ద టైమ్. ఇది మన "సరికి". "నేను వెళ్ళేసరికి మీటింగ్ అయిపోయింది" అంటే "బై ద టైమ్ ఐ రీచ్డ్, ద మీటింగ్ హాడ్ ఎండెడ్". ఇదే వెన్ పెట్టి "వెన్ ఐ రీచ్డ్, ద మీటింగ్ ఎండెడ్" అని రాస్తే మిమ్మల్ని చూసి అందరూ లేచిపోయినట్టు ఉంటుంది. ఒకసారి రాశాను కూడా. ఇక గడువులో అయితే టిల్ కీ బై కీ తేడా చాలా ఖరీదు. "ఐ విల్ వర్క్ ఆన్ ఇట్ టిల్ ఫ్రైడే" అంటే శుక్రవారం దాకా దాని మీదే కూర్చుంటాను, ఆ తర్వాత వదిలేస్తాను. పూర్తవుతుందో లేదో చెప్పలేదు. "ఐ విల్ ఫినిష్ ఇట్ బై ఫ్రైడే" అంటే శుక్రవారంలోపు మీ చేతిలో ఉంటుంది. "ఫినిష్ టిల్ ఫ్రైడే" అనేది అసలు కుదరదు, ముగించడం ఒక్క క్షణం కదా, శుక్రవారం దాకా ముగిస్తూ ఉండలేం (కొన్ని ప్రాజెక్టులు చూస్తే ఉండగలమేమో అనిపిస్తుంది).

టిల్ అనేది అంటిల్‌కి పొట్టి రూపం అనుకుంటారు చాలామంది, కాదు. టిల్లే పాతది, కొన్ని వందల ఏళ్ళు ముందునుంచి ఉంది. అంటిల్ తర్వాత వచ్చింది, అందులో ముందున్న ముక్కకి కూడా "దాకా" అనే అర్థమట, అంటే అంటిల్ అంటే దాకాదాకా అన్నమాట. అర్థంలో తేడా లేదు, మెయిల్‌లో, రిపోర్టులో అంటిల్ కాస్త పద్ధతిగా ఉంటుంది. ఇంకో తమాషా, ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ వైపు యాసలో వైల్‌ని "దాకా" అర్థంలో వాడతారు, "నైన్ వైల్ ఫైవ్" అంటే తొమ్మిది నుంచి ఐదు దాకా. మనం మాత్రం అలా రాయకూడదు, తప్పనే అంటారు.

ఎర్రసిరా:

మాస్టారు గారు చెప్పింది బాగుంది కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. తెలుగు తోక పట్టుకుని వెళ్తే కొన్ని చోట్ల నేరుగా గోతిలో పడతారు. నేను రోజూ దిద్దే కాపీల్లో కనిపించే గోతులు చెప్తాను.

మొదటిది "తే". "తెల్లారితే పరీక్ష" అంటాం. తెల్లారుతుందో లేదో అని అనుమానంతో అనం, తెల్లారడం ఖాయం, పరీక్షే భయం. అదే అలవాటుతో "ఇంటికెళ్తే ఫోన్ చేస్తా"ని "ఇఫ్ ఐ రీచ్ హోమ్, ఐ విల్ కాల్ యూ" అని రాస్తే, చదివినవాడికి మీరు ఇంటికి చేరడం మీదే అనుమానం వస్తుంది, దారిలో ఏమవుతుందో అని కంగారు పడతాడు. జరిగి తీరేదానికి వెన్, జరగొచ్చు జరక్కపోవచ్చు అన్నదానికి ఇఫ్. మన "తే" రెండు పనులూ చేస్తుంది, ఇఫ్ చెయ్యదు. ఎవరికైనా "ఇఫ్ యూ ఫినిష్ ద రిపోర్ట్" అని రాశారంటే వాళ్ళు పూర్తి చేస్తారన్న నమ్మకం మీకు లేదని చెప్పినట్టే.

రెండోది, ఇది ఏ పుస్తకంలోనూ గట్టిగా చెప్పరు, కొత్త సంగతి ఏ ముక్కలో ఉందన్నది. తెలుగులో అసలు వార్త చివర్న వస్తుంది: "నేను బయల్దేరబోతుంటే వాడొచ్చాడు". వాడు రావడమే వార్త. దీన్ని తోక చూసి తర్జుమా చేస్తే "హి కేమ్ వెన్ ఐ వజ్ అబౌట్ టు లీవ్" అని రాస్తారు. తప్పు కాదు, కానీ చప్పబడిపోయింది, ఎప్పుడొచ్చాడయ్యా అని అడిగితే చెప్పిన జవాబులా ఉంది. కథ చెప్తున్నట్టుండాలంటే తిప్పాలి: "ఐ వజ్ అబౌట్ టు లీవ్ వెన్ హి కేమ్ ఇన్". ఇక్కడ "అప్పుడు" అనే మాట మీ తెలుగులో బయల్దేరడం పక్కన ఉంటే ఇంగ్లీషులో వాడి రాక పక్కకి వెళ్ళింది. తోక మారిపోయింది కదా మాస్టారూ! ఈ మలుపు వైల్‌తో రాదు, యాజ్‌తో రాదు, వెన్‌తోనే వస్తుంది. సగంవాక్యం గారూ, మీ లైట్ల వాక్యం కూడా నేనైతే "ఐ వజ్ రీడింగ్ వెన్ ద లైట్స్ వెంట్ ఆఫ్" అనే రాస్తాను. లైట్లు పోవడం చివర్న పడితేనే చీకటి పడినట్టుంటుంది.

మూడోది యాజ్‌తో వచ్చే చిక్కు. దానికి "కాబట్టి" అనే అర్థం కూడా ఉంది. "యాజ్ ద సిస్టమ్ వజ్ అప్‌డేటింగ్, ఐ రీస్టార్టెడ్ ఇట్". అప్‌డేట్ అవుతుండగా రీస్టార్ట్ చేశావా, అవుతోంది కాబట్టి చేశావా? మొదటిదైతే తిట్లు, రెండోదైతే ఎవరో చెయ్యమన్నారేమో. సిన్స్‌కీ ఇదే రోగం, "సిన్స్ యూ లెఫ్ట్" అంటే నువ్వెళ్ళినప్పటి నుంచి అనా, నువ్వెళ్ళావు కాబట్టి అనా? పక్క ముక్కలో "హ్యావ్" పెట్టి రాసిన క్రియ ఉన్నా ఒక్కోసారి తేలదు. వైల్‌కి కూడా "అయినప్పటికీ" అనే ఇంకో ముఖం ఉంది. అనుమానం వచ్చే చోట, కారణమైతే బికాజ్ అని తేల్చి రాయండి, కాలమైతే వైల్, వెన్‌లలో ఒకటి పెట్టండి. యాజ్‌ని కథలకి, వర్ణనలకి ఉంచుకోండి. ఆఫీసు మెయిల్‌లో దాని నాజూకు ఎవరికి కావాలి.

పాత మాస్టారు:

ఎర్రసిరా గారూ, రెండో పాయింటు దగ్గర ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. ముప్ఫై ఏళ్ళు చెప్పాను, ఆ వెన్‌ని విడిగా వివరించాలని ఎప్పుడూ తోచలేదు. "తే" కూడా నిజమే.

కానీ తెలుగు తోకని అంత తేలిగ్గా తీసిపారేయకండి. రెండు చోట్ల అది ఇంగ్లీషు కంటే ముందే తప్పు పట్టేస్తుంది. పిల్లలు ఎప్పుడూ రాసే వాక్యం ఒకటుంది, "వెన్ హి విల్ కమ్, ఐ విల్ టెల్ హిమ్". వెన్ తర్వాత విల్ రాయకూడదు, "వెన్ హి కమ్స్" అనాలి, ఇది రూల్ అని చెప్తే, రేపటి సంగతికి విల్ ఎందుకు వద్దండీ అని అడుగుతారు. తెలుగులో ఏమంటాం? "రేపు వాడు వచ్చినప్పుడు చెప్తాను". రేపటి రాకకి "వచ్చిన" అంటున్నాం, జరిగిపోయినట్టు! "రేపు వాడొస్తాడప్పుడు" అనం కదా. భవిష్యత్తుని ఒక్క చోటే, చివరి క్రియలోనే చెప్పి, ముందు ముక్కలో వదిలేస్తాం. ఇంగ్లీషూ అదే చేస్తోంది. ఆఫ్టర్, బిఫోర్, అంటిల్, వన్స్, యాజ్ సూన్ యాజ్, అన్నింటికీ ఇదే. ఇలా చెప్పాక మళ్ళీ ఆ తప్పు చేసినవాళ్ళు తక్కువ. (వాడెప్పుడొస్తాడో తెలీదు అన్నప్పుడు "ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్", అక్కడ విల్ ఉండాల్సిందే, అది ప్రశ్న లాంటి వెన్. తెలుగులో కూడా అది "వచ్చినప్పుడు" కాదు, "ఎప్పుడొస్తాడో".)

రెండోది "వైల్ వాకింగ్, ద ఫోన్ ర్యాంగ్". ఫోన్ నడుచుకుంటూ వెళ్తోందా? ఇదే తెలుగులో "నడుస్తూ ఫోన్ మోగింది" అని పైకి అని చూడండి, చెవికి వెంటనే తగులుతుంది. "తూ" రావాలంటే రెండు పనులూ ఒక్కరే చెయ్యాలి, వేరువేరు అయితే "నడుస్తుండగా". ఇంగ్లీషులో కూడా అంతే, ఫోన్ వేరు నేను వేరు కాబట్టి "వైల్ ఐ వజ్ వాకింగ్" అని మనిషిని పెట్టాలి. "పాట వింటూ నడిచాను"లో ఇద్దరూ నేనే, అక్కడ ఏ గొడవా లేదు.

సగంవాక్యం:

అబ్బ, ఇన్ని వస్తాయనుకోలేదు. "చెప్పనంతవరకు" దగ్గర బల్బు వెలిగింది, థాంక్యూ రాత్రి డ్యూటీ గారూ. నేను కచ్చితంగా ఆ వాక్యమే తలలో అనుకుని రాశాను.

ఒక్కటి మిగిలింది. "మీరు అప్రూవ్ చేశాక పంపుతాను" అనేదానికి నేను మార్చి మార్చి ఆఫ్టర్, వన్స్, యాజ్ సూన్ యాజ్, వెన్ అన్నీ రాస్తుంటాను, మూడ్‌ని బట్టి. ఇక్కడ కూడా తేడా ఉందా, లేక ఇది నిజంగానే ఏదైనా ఒకటేనా?

ఎర్రసిరా:

ఉంది, చిన్నదే కానీ ఎదుటివాడికి తెలుస్తుంది. ఆఫ్టర్ ఉత్త వరస. ముందు అది, తర్వాత ఇది, మధ్యలో గంట పట్టినా నెల పట్టినా ఆఫ్టరే. యాజ్ సూన్ యాజ్ అంటే "గానే", మధ్యలో ఖాళీ లేదు. మీరు మీ గురించి చెప్పుకుంటే అది మాట ఇచ్చినట్టు: "ఐ విల్ సెండ్ ఇట్ యాజ్ సూన్ యాజ్ యూ అప్రూవ్", బాగుంది. అదే ఎదుటివాడికి చెప్తే తరుముతున్నట్టు: "సెండ్ ఇట్ యాజ్ సూన్ యాజ్ యూ ఫినిష్", పై వాళ్ళకి అలా రాయకండి, "వెన్ యూ ఫినిష్" అంటే గొంతు తగ్గుతుంది. వన్స్‌లో ఇంకో వాసన ఉంది, ఆ ఒక్క అడ్డు తీరిపోతే ఇక మిగతాదంతా సాఫీ అని. తాళం తెరుచుకున్నాక అన్నట్టు. అందుకని అనుమతులకి, సంతకాలకి, పాస్‌వర్డులకి వన్స్ సరిగ్గా అతుకుతుంది. "వన్స్ యూ అప్రూవ్, ఐ విల్ సెండ్ ఇట్". మీ కేసుకి నా ఓటు దానికే.

రాత్రి డ్యూటీ:

వన్స్‌తో జాగ్రత్త, "వన్స్ ఐ వజ్ ఇన్ ద టీమ్, ఐ లెర్న్డ్ ఎ లాట్" లాంటిది రాస్తే "ఒకప్పుడు టీమ్‌లో ఉండేవాణ్ణి" అని చదవడం మొదలుపెట్టి కామా దగ్గర వెనక్కి వస్తారు. "వన్స్ ఐ జాయిన్డ్ ద టీమ్" అని క్షణం పని పెడితే ఆ తికమక ఉండదు.

సగంవాక్యం:

అర్థమైంది. ఇప్పుడే ఆవిడకి ఇంకో మెయిల్ రాశాను, పంపే ముందు ఇక్కడ పెడుతున్నా, దిద్దండి: "ఐ హ్యావ్ నాట్ స్టార్టెడ్ యెట్. వన్స్ యూ కన్ఫర్మ్, ఐ విల్ స్టార్ట్, అండ్ ఐ విల్ ఫినిష్ ఇట్ బై ఫ్రైడే. ఇఫ్ యూ కమ్ బ్యాక్ ఫ్రమ్ లీవ్, వి కెన్ టాక్."

ఎర్రసిరా:

చివరి వాక్యంలో "తే" దూరింది చూడండి. ఆవిడ సెలవు నుంచి తిరిగి రాదనుకుంటున్నారా?

సగంవాక్యం:

అయ్యో. వెన్. మార్చి పంపేశా.